వేడి చాటున వెలుగు: చర్మం కాంతిని గుర్తిస్తుందా?

కళ్లకు గంతలు కట్టుకున్న మనిషి కూడా నీడలోంచి ఎండలోకి అడుగుపెట్టిన క్షణాన ఆ మార్పును పోల్చుకోగలడు కనుక, చర్మానికి వెలుగు తెలుస్తుందన్న నమ్మకం సహజంగానే ఏర్పడుతుంది. అయితే ఆ క్షణంలో అతని చర్మంలోని నాడులు అందుకునేది వెలుగుతో పాటు వచ్చిన వేడిని. ఈ రెండింటినీ విడదీసి, వేడి ప్రమేయం లేని కాంతిని చర్మం గుర్తించగలదా అని సూటిగా అడగడానికి శాస్త్రజ్ఞులకు చాలా కాలం పట్టింది, జవాబు వెతకడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది. భౌతికశాస్త్ర ప్రయోగశాలల్లో మొదలైన ఈ విచారణ ఆసుపత్రుల మీదుగా, నడుమ కొంతకాలం వినోద ప్రదర్శనల మీదుగా కూడా సాగి, చివరకు కణజీవశాస్త్రంలోకి చేరింది. చర్మం వెలుగుకు స్పందించడం వేరు, ఆ స్పందన మనిషి ఎరుకలోకి రావడం వేరు. ఈ చరిత్రలోని గందరగోళంలో అధికభాగం ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్ల పుట్టినదే.

ఈ ప్రశ్న లిఖితరూపంలో కనిపించే పాత సందర్భాల్లో ఒకటి రాబర్ట్ బాయిల్ 1664లో రంగుల మీద ప్రచురించిన గ్రంథంలో ఉంది. వేళ్లతో తడిమి రిబ్బన్ల రంగులు చెప్పగల అంధుడొకడు మాస్ట్రిక్ట్ నగరంలో ఉన్నాడని ఒక వైద్యుని ద్వారా విన్న బాయిల్, ఆ కథనాన్ని కొట్టిపారేయకుండా, అలాగని ఉన్నదున్నట్లు నమ్మకుండా, అద్దకంలో వాడే పదార్థాలను బట్టి గుడ్డ ఉపరితలపు గరుకుదనం మారుతుందనీ, ఆ వ్యక్తి వేళ్లు పసిగట్టింది ఆ తేడానే కావచ్చనీ వివరణ ఇచ్చాడు. నలుపు అన్నింటికంటే గరుకుగా తగులుతుందని ఆ అంధుడే చెప్పినట్లు నమోదై ఉండడం ఈ వివరణకు బలమిచ్చింది. చర్మానికి కొత్త ఇంద్రియాన్ని అంటగట్టే ముందు దానికి ముందునుంచీ ఉన్న శక్తులతో విషయం తేలుతుందేమో చూడాలన్న ఈ పద్ధతిని, తరువాతి మూడు శతాబ్దాల్లో బాయిల్ కంటే ఎక్కువ పరికరాలు చేతిలో ఉన్నవారు కూడా పలుమార్లు మరిచిపోయారు.

వేడినీ వెలుగునూ వేరుచేసే పనికి 1800లో తొలి ఆధారం దొరికింది. సూర్యుని పరిశీలించడానికి దుర్భిణికి రంగుటద్దాలు అమర్చుకున్న ఖగోళ శాస్త్రజ్ఞుడు విలియం హెర్షెల్‌కు, కొన్ని అద్దాల గుండా వెలుగు స్వల్పంగానే వచ్చినా వేడి తగలడం, మరికొన్నింటి గుండా వెలుగు ధారాళంగా వచ్చినా వేడి అంతగా తెలియకపోవడం వింతగా తోచింది. పట్టకంతో సూర్యకాంతిని రంగులుగా విడగొట్టి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకాన్ని ఉంచి చూసినప్పుడు ఎరుపు అంచు దాటిన తరువాత, కంటికి ఏమీ కనిపించని చోట కూడా పాదరసం పైకి ఎగబాకింది. పరారుణ కిరణాలుగా నేడు మనకు తెలిసినవి ఇవే. మరుసటి ఏడాది జర్మనీలో యోహాన్ రిట్టర్, కాంతి సోకితే నల్లబడే సిల్వర్ క్లోరైడ్ అనే లవణంతో రంగులపట్టీ రెండో కొసను పరీక్షించి, ఊదా అంచుకు అవతల ఆ లవణం మరింత వేగంగా నల్లబడుతున్నదని చూపాడు. ఆ విధంగా సూర్యరశ్మిలో కంటికి కనిపించని భాగాలు రెండున్నాయని తేలింది: ఎరుపుకు ఆవల ఉన్నదాన్ని చర్మం వేడిగా వెంటనే గుర్తిస్తుంది, ఊదాకు ఆవల ఉన్న అతినీలలోహిత కిరణాల విషయంలో చర్మానికి అటువంటి ఏర్పాటు ఉన్నట్లు కనిపించలేదు.

చర్మాన్ని కమిలించేది ఈ రెండింటిలో ఏది అన్న ప్రశ్నను ప్రయోగంతో తేల్చడానికి పూనుకున్నవాడు లండన్ శస్త్రవైద్యుడు ఎవరార్డ్ హోమ్. నల్లని వస్తువులు వేడిని ఎక్కువగా పీల్చుకుంటాయని అప్పటికే తెలిసి ఉండగా, మండుటెండల దేశాల్లో మనుషుల చర్మం నల్లగా ఉండడం ఏ విధంగా మేలుచేస్తుందన్న చిక్కు అతన్ని వేధించింది. 1820లో అతడు తన రెండు చేతుల వెనుకభాగాలను ఎండలో ఉంచి, ఒకదాన్ని బట్టబయలుగా వదిలి, రెండోదానిపై నల్లగుడ్డ కప్పి, గుడ్డ కిందా బయటా ఉష్ణమాపకాలు అమర్చాడు. గుడ్డ కింద వేడి ఎక్కువగా నమోదైంది. అయినా కమిలి పొక్కినది తక్కువ వేడిగా ఉన్న బయలు చేయి మాత్రమే. వేడి ఒక్కటే కారణమైతే ఫలితం తారుమారు కావలసింది. నల్లజాతి వ్యక్తి చేతిపై అదే ఎండ ఏ కమురూ కలిగించకపోవడంతో, ముదురు రంగు వేడిని ఆకర్షించినప్పటికీ వెలుగు కలిగించే హానిని అడ్డుకుంటున్నదని 1821లో రాయల్ సొసైటీ పత్రికలో అతడు ప్రకటించాడు. వాదనలోని భౌతికశాస్త్రం నేటి కొలమానంలో అరకొరే అయినా, రెండు చేతులు, ఒక గుడ్డ, రెండు ఉష్ణమాపకాలతో జరిగిన ఈ పరీక్ష నిర్మాణంలో ఎంత చక్కనిదో చెప్పక తప్పదు.

విద్యుత్ ఆర్క్ దీపం రావడంతో సూర్యుని అవసరం లేకుండానే ఈ పరీక్షలు చేయడం సాధ్యమైంది. రెండు బొగ్గు కడ్డీల నడుమ విద్యుత్తు ఎగిసిపడేటప్పుడు పుట్టే ఆ తీవ్రమైన వెలుగుతో పనిచేసిన ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞుల ముఖాలు, చెప్పుకోదగ్గ వేడి తగలకపోయినా, తరువాత ఎండదెబ్బ తిన్నట్లు ఎర్రబడిన సంగతిని ఫ్రెంచి వైద్యుడు షార్కో 1858లో వివరించి, దానికి రసాయనిక కిరణాలను, అంటే అతినీలలోహిత భాగాన్ని కారణంగా చూపాడు. స్వీడన్ నేత్రవైద్యుడు యోహాన్ విడ్‌మార్క్ 1889లో ఈ ఊహను నిరూపించాడు: ఆర్క్ వెలుగును నీటి గుండా పంపి వేడిని తొలగించినా చర్మం ఎర్రబడింది, అతినీలలోహిత కిరణాలను ఆపే మామూలు గాజును అడ్డుపెడితే మాత్రం ఎర్రబడలేదు. ఎర్రబారడానికి పట్టే వ్యవధి ఇక్కడ అసలు విషయం. వెలుగు పడుతున్నంతసేపూ మౌనంగా ఉన్న చర్మం, గంటలు గడిచాక మంటతో ఫిర్యాదు చేస్తుంది. ఆ మంట కూడా కాంతి గురించిన సమాచారం కాదు, అప్పటికే జరిగిపోయిన కణనష్టానికి శరీరం చూపే వాపు.

ఈ మౌనాన్ని చికిత్సగా మలచినవాడు నీల్స్ ఫిన్సెన్. ఫారో దీవుల్లో 1860లో పుట్టి, కోపెన్‌హేగన్‌లో వైద్యం చదివి, యౌవనం నుంచే తీరని రోగంతో బాధపడిన ఈ డేనిష్ వైద్యుడు తన ముంజేతినే ప్రయోగశాలగా చేసుకున్నాడు. చేతికి అడ్డంగా నల్లసిరాతో ఒక పట్టీ గీసి, దాదాపు మూడు గంటలు తీక్షణమైన ఎండలో ఉంచి, తరువాత సిరా కడిగి చూస్తే, పట్టీ కింది చర్మం మామూలుగానే ఉండగా దాని రెండు వైపులా చర్మం ఎర్రబడి వాచింది, కొద్దిరోజుల్లో గోధుమరంగుకు తిరిగింది. అదే చేతిని సిరా లేకుండా మళ్లీ ఎండలో పెట్టినప్పుడు ఫలితం తిరగబడింది: అంతకుముందు తెల్లగా మిగిలిన పట్టీ ఎర్రబడింది, రంగు తేలిన చర్మం చెక్కుచెదరలేదు. మశూచి రోగులను ఎర్ర తెరల గదిలో ఉంచితే మచ్చలు తగ్గుతాయని 1893లో అతడు చేసిన ప్రతిపాదన కాలపరీక్షకు నిలవలేదు గానీ, ఆ తరువాత చేపట్టిన పని నిలిచింది.

క్షయ సూక్ష్మజీవులు ముఖచర్మాన్ని కొరికి తినే లూపస్ వల్గారిస్ అనే వ్యాధి ఆనాటి ఉత్తర ఐరోపాలో రోగులను సమాజానికి దూరం చేసేది. సూర్యకాంతికి బాక్టీరియాను చంపే శక్తి ఉందని ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ 1877లోనే చూపగా, ఆ శక్తిని చర్మం లోతుకు చేర్చడం ఎలా అన్న సమస్యను ఫిన్సెన్ ఒక చిన్న పరీక్షతో పరిష్కరించాడు. చెవితమ్మె వెనుక ఫొటో కాగితాన్ని ఉంచి ముందునుంచి వెలుగు వేస్తే ఐదు నిమిషాలైనా కాగితం నల్లబడలేదు. తమ్మెను రెండు గాజుపలకల మధ్య నొక్కి అందులోని రక్తాన్ని తరిమేస్తే 20 సెకన్లలో నల్లబడింది. వెలుగుకు అడ్డుపడేది రక్తమని తేలడంతో, చల్లని నీరు ప్రవహించే క్వార్ట్జ్ బిళ్లను రోగి చర్మంపై అదిమిపట్టి, దాని గుండా ఆర్క్ వెలుగును పంపే పద్ధతి రూపొందింది. 1895లో కోపెన్‌హేగన్ విద్యుత్ కర్మాగారపు ఇంజనీరు ఒకరు దీనికి తొలి రోగి అయ్యారు. 1896లో కాంతి చికిత్సకు ప్రత్యేక సంస్థ వెలిసింది. పైనుంచి వేలాడే ఒక పెద్ద దీపానికి నాలుగు గొట్టాలు, ఒక్కో గొట్టం కింద ఒక రోగి, పక్కన నల్లకళ్లద్దాలు పెట్టుకుని బిళ్లను గంటకు పైగా కదలకుండా అదిమిపట్టే నర్సు: ఆనాటి ఛాయాచిత్రాల్లో కనిపించే ఈ దృశ్యంలో శ్రమ అంతా ఆ నర్సులదే అయినా, వారి పేర్లు చరిత్రకు ఎక్కలేదు. 1903లో నోబెల్ బహుమతి అందుకున్న ఫిన్సెన్ మరుసటి ఏడాదే మరణించాడు.

నీటితో వేడిని తొలగించిన ఆ వెలుగు కింద గంటకు పైగా పడుకున్న రోగికి అది చేస్తున్న పని ఏమాత్రం తెలిసేది కాదు. ఫలితం మరునాటికి ఎర్రబారి, బొబ్బగా బయటపడేది. ఫిన్సెన్ గానీ అతని శిష్యులు గానీ ఊహించని సంగతి ఒకటి శతాబ్దం తరువాత వెలుగుచూసింది. అతని పాత పరికరాలను 2005లో పరిశీలించిన డేనిష్ పరిశోధకులు, వాటి కటకాలు, వడపోతకు వాడిన నీలి ద్రావణం కలిసి 340 నానోమీటర్ల కంటే చిన్న తరంగాలను దాదాపు పూర్తిగా ఆపేస్తున్నాయని, అందువల్ల మేలుచేసింది తీక్షణమైన అతినీలలోహిత భాగం కాదని, పెద్ద తరంగాల కాంతి క్షయ సూక్ష్మజీవుల్లోని పోర్ఫిరిన్లను రెచ్చగొట్టి వాటిని చంపి ఉంటుందని తేల్చారు. పోర్ఫిరిన్లంటే రక్తానికి ఎరుపునిచ్చే అణువుకు మూలరూపమైన పదార్థాలు; వెలుగు సోకినప్పుడు ఇవి ఆ శక్తిని ఆక్సిజన్‌కు అందించి, దాన్ని కణాలను ధ్వంసం చేసే రూపంలోకి మారుస్తాయి.

ఇదే పదార్థం, వేడి లేని వెలుగును మానవచర్మం అప్పటికప్పుడు అనుభవించే అరుదైన స్థితికి కూడా కారణమని తెలియడానికి ఒక వైద్యుని సాహసం తోడ్పడింది. జర్మన్ వైద్యుడు ఫ్రీడ్రిష్ మేయర్-బెట్జ్ 1912 అక్టోబరు 14న హెమటోపోర్ఫిరిన్ 0.2 గ్రాములను తన రక్తనాళంలోకి ఎక్కించుకుని ఎండలోకి వెళ్లాడు. ముఖమూ చేతులూ గుర్తుపట్టలేనంతగా ఉబ్బి, భరించలేని మంటపుట్టి, ఆ సున్నితత్వం నెలల తరబడి అతన్ని వదల్లేదు. 1961లో లండన్‌లో ఇయాన్ మాగ్నస్ బృందం వివరించిన ఒక వంశపారంపర్య వ్యాధిలో ఈ స్థితి జన్మతః ఉంటుంది. రక్తంలో పోర్ఫిరిన్ పేరుకుపోయే ఈ రోగులకు ఎండలోకి వచ్చిన నిమిషాల్లోనే చర్మం లోలోపల మండుతుంది. పైకి మచ్చ కూడా కనిపించకపోవడంతో, చేతులు చన్నీళ్లలో ముంచుకుని ఏడ్చే పిల్లలను పెద్దలు నమ్మని సందర్భాలు ఎన్నో. వారిని బాధించేది ప్రధానంగా 400 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే ఊదా వెలుగు గనుక, కిటికీ అద్దం వారికి రక్షణ ఇవ్వదు.

వైద్యశాలల్లో ఇంత స్పష్టత వస్తున్న కాలంలోనే ప్రదర్శనశాలల్లో మరో ధోరణి సాగింది. తరువాత నవలాకారునిగా పేరుపొందిన జూల్ రోమైన్, చర్మంలో సూక్ష్మనేత్రాలున్నాయని వాదిస్తూ 1920లో ఫ్రాన్సులో ఒక గ్రంథం ప్రచురించాడు. 1962లో సోవియట్ యూనియన్‌లోని నీజ్నీ తగీల్‌కు చెందిన రోజా కులెషోవా కళ్లకు గంతలతో వేళ్లతో అచ్చు అక్షరాలు చదువుతున్నదన్న వార్త పత్రికలకెక్కి, కొద్దికాలంలోనే అమెరికా పత్రికల దాకా పాకింది. గంతలు ఎంత బిగించినా ముక్కు పక్కన మిగిలే సందులోంచి కిందికి చూడవచ్చనీ, గారడీవాళ్లకు ఇది చిరకాలంగా తెలిసిన కిటుకేననీ 1966లో మార్టిన్ గార్డ్‌నర్ సైన్స్ పత్రికలో రాశాడు. అదే ఏడాది వాల్టర్ మేకస్ ఇంకా ఆలోచింపజేసే వివరణ ఇచ్చాడు: అరచేయి నిరంతరం వేడిని వెలువరిస్తుంది, ఎదుట ఉన్న ఉపరితలాన్ని బట్టి ఆ వేడి కొంత తిరిగివస్తుంది, ఆ తేడాను తాకకుండానే పసిగట్టడం కొంత సాధన మీద మామూలు మనుషులకూ సాధ్యమే. అయితే అది ఉపరితలపు స్వభావాన్ని తెలుపుతుందే తప్ప రంగును కాదు. కంటికి వేరువేరుగా కనిపించే రెండు రంగులు వేడి విషయంలో ఒకేలా ప్రవర్తించవచ్చు. బాయిల్ పద్ధతి మరోసారి నెగ్గింది. గంతలు కట్టిన పిల్లలచేత పుస్తకాలు చదివించి ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ పేరిట తల్లిదండ్రుల నుంచి వేలల్లో రుసుము రాబట్టిన శిక్షణ కేంద్రాలు గత దశాబ్దంలో మన నగరాల్లోనూ వెలిశాయి గనుక, గార్డ్‌నర్ వ్యాసానికి తెలుగు పాఠకుల విషయంలో ఇంకా కాలదోషం పట్టలేదు.

గంభీరమైన శాస్త్రం సైతం ఇదే గోతిలో ఒకసారి కాలు పెట్టింది. రాత్రింబవళ్ల లయను నడిపే శరీరపు అంతర్గత గడియారాన్ని, మోకాలి వెనుక చర్మంపై మూడు గంటలపాటు ప్రకాశవంతమైన వెలుగు వేసి ముందుకో వెనక్కో జరపవచ్చని కోర్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 15 మందిపై జరిపిన పరీక్షల ఆధారంగా 1998 జనవరిలో సైన్స్ పత్రికలో ప్రకటించారు. కళ్లు చీకటిలో ఉండగా చర్మం మెదడుకు కబురు పంపుతున్నదన్నమాట. హార్వర్డ్‌కు చెందిన రైట్, సైస్లర్ మరింత కట్టుదిట్టంగా, పరీక్ష సాగినంతకాలం కళ్లకు సోకే వెలుగును పూర్తిగా అదుపులో ఉంచి చేసిన ప్రయోగంలో గడియారం ఏమాత్రం కదలలేదని 2002లో అదే పత్రిక ప్రచురించింది.

వింత ఏమిటంటే, మోకాలి ప్రయోగం వెలువడిన 1998లోనే అసలైన ఆధారం చర్మంలోంచే బయటపడింది, కాకపోతే అది కప్ప చర్మం. వెలుగు పడితే రంగు మార్చుకునే ఆఫ్రికన్ కప్ప చర్మకణాల్లో ఇగ్నాసియో ప్రొవెన్సియో బృందం మెలనాప్సిన్ అనే కొత్త కాంతిగ్రాహకాన్ని, అంటే వెలుగును పట్టి కణానికి సంకేతంగా మార్చే ప్రోటీనును, కనుగొన్నది. రెండేళ్లలో అదే ప్రోటీను మనిషి కంటి రెటీనాలో కనిపించింది, ఆ తరువాత అంతర్గత గడియారానికి వెలుగు కబురు అందించే దారి అదేనని తేలింది. ఆప్సిన్లు అనే ఈ ప్రోటీన్ల కుటుంబం కోసం మానవచర్మాన్ని వెతికినవారికి అవి అక్కడా దొరికాయి. చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాలపై అతినీలలోహిత-ఎ కిరణాలు, అంటే అతినీలలోహితంలోని పెద్ద తరంగాలు, పడిన కొన్ని సెకన్లలోనే వాటి లోపల కాల్షియం స్థాయి ఎగసి, గంట గడిచేసరికి మెలనిన్ అనే వర్ణకం పెరగడం మొదలవుతున్నదని, ఆ సంకేతానికి కంటి చూపుకు కావలసిన రెటినాల్ అనే విటమిన్-ఎ రూపమే అవసరమవుతున్నదని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో చూపారు. అన్ని ఆప్సిన్ల కథా ఇంత సూటిగా లేదు: ఆప్సిన్-3 నీలికాంతిని పట్టి చర్మాన్ని నల్లబరుస్తుందని 2018లో ఒక ఫ్రెంచి బృందం అనగా, మెలనోసైట్లలో దాని పని వెలుగుతో నిమిత్తం లేనిదని 2019లో మరో అధ్యయనం వాదించింది. అదే ఏడాది వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, న్యూరాప్సిన్ అనే మరో గ్రాహకం సాయంతో ఎలుక చర్మంలోని స్థానిక గడియారం కళ్ల ప్రమేయం లేకుండా వెలుగుకు అనుగుణంగా సర్దుకుంటున్నదని ప్రకటించారు. ఈ సంకేతాలన్నీ కణాల మధ్యనే ఆగిపోతాయి. మెదడుకు చేరి వెలుగు పడిందన్న ఎరుకగా మారే నాడీమార్గం మానవచర్మంలో బయటపడలేదు. వేడి లేని వెలుగు గురించి చర్మం నుంచి దూరానికి వెళ్లే వార్త ఏదైనా రక్తం ద్వారానే వెళ్తుంది: 1919లో బెర్లిన్ వైద్యుడు కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ రికెట్స్ ఉన్న పిల్లల ఒక చేతిపై మాత్రమే అతినీలలోహిత కాంతి వేస్తే రెండో చేతి ఎముక కూడా గట్టిపడింది. చర్మంలో తయారైన విటమిన్-డి ఒళ్లంతా చేరినందువల్లనే ఇది జరిగిందని తరువాత అర్థమైంది.

ఈ చరిత్రతో భారతదేశానికి ఉన్న బంధం ఫిన్సెన్ కంటే ఎంతో పాతది. బొల్లి మచ్చలకు ఒక నల్లని ఓషధిని ప్రార్థించే సూక్తాలు అథర్వవేదంలో ఉన్నాయి, ఆ ఓషధి బావంచాల మొక్కేనని కొందరు పండితుల అభిప్రాయం. తెలుగునాట వైద్యులు, పచారీ కొట్లవారు బావంచాలుగా ఎరిగిన ఆ విత్తులను వాడించి, మచ్చను ఎండకు చూపించే పద్ధతి ఆయుర్వేదంలో తరాలుగా ఉంది. ఈ విత్తుల నుంచి సోరాలెన్ అనే పదార్థాన్ని 1933లో భారతీయ రసాయన శాస్త్రజ్ఞులు వేరుచేశారు; ఈజిప్టులో ఇదే పనికి వాడే మరో మొక్కలోని ఇటువంటి పదార్థంతో బొల్లికి చికిత్స చేసిన ఫలితాలను 1940లలో కైరోలో ఎల్ మోఫ్తీ ప్రకటించాడు; 1974లో అమెరికాలో సోరాలెన్‌ను, అతినీలలోహిత-ఎ దీపాలను జోడించి సోరియాసిస్‌కు చికిత్స రూపొందించారు. సోరాలెన్ కణంలోని డీఎన్ఏ పోగుల నడుమ దూరి, వెలుగు పడగానే ఆ పోగులను కలిపి బిగించేస్తుంది. ఇంత తీవ్రమైన చర్య జరుగుతున్నప్పుడు రోగికి ఏమీ తెలియదు, దాని కమురు రెండు మూడు రోజులకు గానీ పతాకస్థాయికి చేరదు. బావంచాల లేపనం రాసుకుని, మంట పుట్టలేదు గదా అని ఎండలో మరికాసేపు కూర్చునేవారు తరువాత బొబ్బలతో వైద్యుని దగ్గరికి పరుగెత్తడానికి కారణం ఇదే. అందుకే నేటి చర్మవ్యాధి ఆసుపత్రుల్లో కాంతి మోతాదును రోగి అనుభూతికి వదిలిపెట్టరు. పలుచోట్ల ముందుగా వీపు మీదనో నడుము మీదనో చిన్నచిన్న గళ్లుగా పెరుగుతున్న మోతాదుల్లో వెలుగు వేసి, ఏ గడి మొదట ఎర్రబడిందో చిన్న తరంగాలతో చేసే మామూలు అతినీలలోహిత-బి చికిత్సకైతే 24 గంటల తరువాత, సోరాలెన్ వాడితే దాదాపు 72 గంటల తరువాత చూసి, అప్పుడే చికిత్స మొదలుపెడతారు.